పుల్లచెలమ

హైదరాబాదునుండి శ్రీశైలమునకు పోవు రాజమార్గము కడ్తాల, ఆమనగల్లు, వెల్దండల మీదుగా సాగి, డిండి జలాశయమును దాటి, నాగరుకర్నూలు జిల్లాలోని మన్ననూరు చేరును. అంతవరకును దారికి ఇరుప్రక్కల ఎర్రనేలలు, ఆముదపు చేలు, ప్రత్తిచేలు, అక్కడక్కడ తాటిచెట్లు, ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుండ్ల గుట్టలు కనబడుచుండును. మన్ననూరు దాటగానే దృశ్యము మారిపోవును. అటవీశాఖవారి తనిఖీద్వారము అచ్చట నున్నది. వన్యమృగములు రాత్రివేళ నిర్భయముగా తిరుగుటకై ఆ ద్వారమును రాత్రి 9 గంటలకు మూసి ఉదయము 6 గంటలకు తెరతురు. అది దాటిన పిమ్మట దారి మెలికలు తిరుగుచు నల్లమల యడవిలోనికి ఎక్కును. కొంతదూరము పోయిన తరువాత ఒక మట్టిబాట రాజమార్గమును విడిచి అడవిలోనికి చీలిపోవును. ఆ బాట మనలను ఫరహాబాదు అను కొండకొమ్మునకు కొనిపోవును.

ఆ కొమ్ముచివర నిలిచినచో నేల తటాలున తెగిపోయినట్లు తోచును. ఎదుట ఏమియు లేదు. గాలి మాత్రమే యున్నది. చాల దిగువన మైదానమును, పొలములును, అద్దపు ముక్కలవలె మెరయు చెరువులును కానవచ్చును. హైదరాబాదు నిజాము ప్రభువుల కాలమున ఈ తావున ఒక వేటబంగళా వెలసినది. నేడది శిథిలము. గద్వాల కోటను చూచిన బాలురు, రాజభవనమునందే పాలిటెక్నిక్ కళాశాల నెలకొన్న వనపర్తిలోని బాలురు ఇచ్చటికి వచ్చి రాజవైభవమును వెదకినచో నిరాశ చెందుదురు. బురుజులు లేవు, చిత్రములు లేవు, శాసనములు లేవు. ఐనను ఈ తావునకు కోటలకు లేని యొక విశేషము గలదు. అది దాని పేరులోనే దాగియున్నది.

'ఫరహ్' అనగా సంతోషము. 'ఆబాదు' అనగా నివాసము. ఫరహాబాదు అనగా సంతోషనివాసము. వేటకు వచ్చిన ప్రభువుల సంతోషమును పురస్కరించుకొని వచ్చిన పేరిది. అంతకు పూర్వము ఈ చోటును పుల్లచెలమ యని పిలిచెడివారు. పులుల చెలమ యనుమాటయే చెంచుల నాలుకపై నలిగి పుల్లచెలమ యైనదని పెద్దలందురు. పాలమూరు బాలురకు చెలమ యననేమో చెప్పనక్కరలేదు. వేసవిలో వాగు ఎండిపోయినప్పుడు ఇసుకను చేతులతో తోడి, మోకాలిలోతు గుంట చేసి, ఊరిన నీటిని ముంతతో ముంచుకొనుట మన పల్లెలలో ఎల్లవారును ఎరిగినదే. పైకి పొడి, లోపల తడి. ఒకే తావునకు రెండు పేర్లు. ఒక పేరు అచ్చటికి అతిథిగా వచ్చినవారు పెట్టినది. రెండవది అచ్చట బ్రదికినవారు పెట్టినది. వచ్చినవారు సంతోషమును చూచిరి. బ్రదికినవారు నీటిని చూచిరి.

ఇంత గొప్ప యడవిలో నీటిగుంటకు అంత ప్రాముఖ్యమేల యని మీరడుగవచ్చును. అమ్రాబాదు పీఠభూమి సముద్రమట్టమునకు 2000 అడుగులకు పైగా లేచిన బల్లపరుపు కొండనేల. దాని పైపొర మిక్కిలి గట్టిదైన క్వార్ట్‌జైట్ రాయి. ఆ రాతిలో నిలువుగను అడ్డముగను లెక్కలేని పగుళ్లున్నవి. వానలు కురియునప్పుడు నీరు ఆ పగుళ్లగుండ క్రిందికి దిగిపోవును, పైన నిలువదు. శ్రావణ భాద్రపదములలో పచ్చగా కళకళలాడిన అడవి చైత్రము వచ్చుసరికి ఆకులు రాల్చి, ఎండిన కట్టెవలె నిలుచును. కాని దిగిన నీరు నశించిపోదు. నీటిని పోనీయని రాతిపొర తగిలినచోట అది ప్రక్కకు జరిగి, కొండవాలున ఏ సందుననో బొట్లుబొట్లుగా వెలికి వచ్చును. అచ్చంపేటకు సమీపమున నున్న ఉమామహేశ్వర క్షేత్రమును దర్శించినవారు రాతినుండి జారు నీటిధారను చూచియేయుందురు. వటవర్లపల్లి దాపున నున్న మల్లెలతీర్థము వర్షకాలమున జలపాతమై దుమికి, వేసవిలో సన్నని ధారగా మారును. ఇట్టి ఊటలు, చెలమలు, లోయలలోని మడుగులు ఈ యడవికి ప్రాణనాడులు. కృష్ణానది పీఠభూమికి దక్షిణమున లోతైన లోయలో పారుచున్నను, కొండపైనున్న జీవికి అది కంటికి కనబడు నీరే గాని నోటికందు నీరు కాదు.

కావున ఎండకాలమున అడవి యంతయు చెలమ చుట్టు చేరును. ఉదయము నెమళ్లు, అడవికోళ్లు వచ్చును. ఎండ ముదిరినకొలది దుప్పులు గుంపుగా వచ్చి, ఒకటి త్రాగుచుండగా తక్కినవి చెవులు రిక్కించి నిలుచును. కడతి, మనుబోతు, కొండగొర్రె, అడవిపంది తమతమ వేళలకు వచ్చును. ఎలుగుబంటి రాత్రివేళ బురదను కెలకి పోవును. ఇవియన్నియు వచ్చుచోటికి పులి రాకుండునా? ఆకలికే గాక అది మరియొక కారణమున గూడ వచ్చును. పిల్లిజాతి జంతువులలో పెక్కింటికి నీరనిన గిట్టదు. పులి యట్లు గాదు. వేడిమిని అది సహింపజాలదు. నడివేసవి మధ్యాహ్నమున వెనుకకు వెనుకకు నడచి నీటిలో దిగి, మెడవరకు మునిగి, గంటల తరబడి కూర్చుండును. ముఖము తడియుట దానికి ఇష్టముండదు. అందుకే వెనుకనుండి దిగును.

అదే నీటికి మనుష్యులును వచ్చిరి. వారు చెంచులు. నల్లమలలో చెంచులు ఎంతకాలమునుండి యున్నారో చెప్పు శాసనము లేదు. విల్లు, అమ్ములు, గడ్డలు త్రవ్వుకొను కర్ర, ఒక కుక్క, సొరకాయబుర్ర, ఇవియే వారి ఆస్తి. గడ్డలు, దుంపలు, ఇప్పపూవు, తునికిపండ్లు, సారపప్పు, కొండచరియలకు త్రాళ్లు వేసి దించుకొని తెచ్చు తేనె, వీనితో జీవితము గడపెడివారు. వారి పల్లెను పెంట యందురు. మైదానపు బాలురకీ మాట విన నవ్వు వచ్చును గాని అడవిలో అది గౌరవమైన పేరే. వర్షకాలమున ఒకచోట, వేసవిలో నీరున్న మరియొకచోట గుడిసెలు వేసికొనుట వారి ఆచారము. చిన్న గుంపులుగా జరిగిపోవుచుండుటచే ఏ యూటయు పూర్తిగా అడుగంటదు. చెంచులు వేటకు పోవుముందు గారెలమైసమ్మకు మ్రొక్కుదురు. పులిని పెద్దమ్మదేవర యని పిలుతురు. దానిని చంపవలెనను కోరిక వారికి లేదు. అది త్రాగు వేళ వారికి తెలియును. వారు త్రాగు వేళ దానికిని తెలియును.

ఇట్టి చోటికి ప్రభువులు వేటకు వచ్చిరి. 1869 నుండి 1911 వరకు హైదరాబాదును పాలించిన ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను గొప్ప వేటగాడు. ఆయన ముప్పదికి పైగా పులులను చంపెనని ప్రసిద్ధి. ఆ కాలమున దేశమందలి సంస్థానాధీశులును, ఆంగ్లేయ దొరలును పులివేటను వీరత్వమునకు గురుతుగా భావించెడివారు. 1902వ సంవత్సరమున వైస్రాయి కర్జను ప్రభువు హైదరాబాదు సంస్థానమునకు వచ్చి ఓరుగల్లు ప్రాంతమున నెక్కొండ సమీపమున పులివేట సాగించెను. చచ్చిన పులి ముందు కర్జను దంపతులు నిలిచియున్న చిత్రము నేటికిని పుస్తకములలో కానవచ్చును.

పులివేట యెట్లు జరిగెడిదో తెలిసికొనుట మంచిది. ఏలయనగా అందలి వీరత్వము ఎవరిదో అప్పుడు తేటపడును. దానిని 'హాంకా' యందురు. వేటకు వేసవియే తగిన కాలము. అప్పుడు నీరు కొద్దిచోట్లనే యుండును గనుక పులియు ఆ సమీపముననే యుండక తప్పదు. ముందుగా జాడ తెలిసిన అడవివారు నీటియొడ్డున బురదలో పులి యడుగులను వెదకుదురు. అడుగు క్రొత్తదో పాతదో, మగదో ఆడదో, ఏ దిక్కునకు పోయినదో వారు చూచి చెప్పుదురు. ఆ రాత్రి దున్నదూడను ఒకదానిని అచ్చట కట్టివైతురు. పులి దానిని చంపి, కడుపార తిని, నీరు త్రాగి, సమీపపు లోయలో నీడచూచుకొని పండుకొనును. తెల్లవారినపిమ్మట జాడగాండ్రు సద్దుచేయక పోయి ఆ లోయను గురుతించి వత్తురు. లోయ ముఖమున ఎత్తైన చెట్టుపై మంచె కట్టుదురు. దొర తుపాకితో దానిపై కూర్చుండును. రెండు ప్రక్కల చెట్లపై కొందరిని కాపుంతురు. పులి ప్రక్కకు తొలగబోయినచో వారు కర్రతో కొమ్మపై మెల్లగా తట్టుదురు. ఆ చప్పుడు చాలును, పులి మరల నడిమిదారికి వచ్చును. లోయకు ఆవలి కొననుండి నూరుగురో ఇన్నూరుగురో మనుష్యులు వరుసగా నిలిచి, డప్పులు వాయించుచు, కేకలు వేయుచు, పొదలను కొట్టుచు నడచివత్తురు. పులి గర్జించుచు దుముకదు. విసుగుతో లేచి, సద్దులేని వైపునకు నెమ్మదిగా నడచిపోవును. ఆ సద్దులేని వైపుననే మంచె యున్నది.

గుండు సూటిగా తగిలినచో కథ ముగిసినట్లే. తగులక గాయమైనచో పులి పొదలలో దూరును. అప్పుడు దానిని వెదకుటకు ముందుగా పోవువాడు జాడగాడే. అతనిచేత కర్ర యుండును గాని తుపాకి యుండదు. వేటకథలు తుపాకి పట్టినవారి పేరనే వ్రాయబడినవి. అడుగు చూచి చెప్పినవాని పేరు ఎక్కడను లేదు.

ఐనను ఒక సత్యమును ఒప్పుకొనక తప్పదు. ప్రభువులకు వేటమృగములు కావలసియుండెను గనుక వేటయడవిలో ఇతరుల గొడ్డలికి అడ్డంకు లేర్పడినవి. మైదానమున అడవులు నరకబడి చేలుగా మారుచున్న కాలమున ఈ పీఠభూమిపై మద్ది, ఏగి, చిరుమాను, వెదురు నిలిచియుండుటకు అది యొక కారణము. తోటమాలి పూలపై ప్రేమచే నీరు పోయును. మరియొకడు అమ్ముకొనుటకై పోయును. చెట్టు రెండు విధములను బ్రదుకును. కాని అమ్ముకొనువాని తోటలో పూవు నిలువదు.

1931-32 సంవత్సరములలో ఈ కొండకు తుపాకి వేట ముఖ్యము గాని యొక అతిథి వచ్చెను. ఆయన పక్షిశాస్త్రవేత్త సలీం అలీ. హైదరాబాదు సంస్థానమందలి పక్షులను పరిశీలించు పనిని ఆయన చేపట్టి, ఊరూర గుడారము వేసికొనుచు తిరిగెను. మన్ననూరు, ఫరహాబాదులు ఆయన పరిశీలించిన తావులలోనివి. ఆ కాలపు శాస్త్రపద్ధతిని బట్టి మచ్చునకు కొన్ని పక్షులను చంపి భద్రపరచుట ఉండెడిది. ఐనను ఆయన ముఖ్యముగా చేసినది చూచుట, వినుట, వ్రాసికొనుట. ఏ పక్షి ఏ చెట్టుపై, ఏ నెలలో, ఏ గూటిలో నున్నదో ఆయన వ్రాసి ప్రకటించెను. ఈ సలీం అలీని మరువకుడు; ఆయన మనలను మరియొక వేటస్థలమునకు కొనిపోవును.

1940లో మరియొక పరదేశి వచ్చెను. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ ఆస్ట్రియా దేశీయుడు, మానవశాస్త్రజ్ఞుడు. రెండవ ప్రపంచయుద్ధము మొదలగుటచే ఆంగ్లేయుల దృష్టిలో ఆయన శత్రుదేశీయుడయ్యెను. హైదరాబాదు సంస్థానము దాటి పోరాదని కట్టడి యేర్పడెను. ఆ నిర్బంధమునే ఆయన విద్యగా మార్చుకొనెను. భార్యతో గూడ అమ్రాబాదు పీఠభూమికి వచ్చి చెంచుల నడుమ నివసించి, వారి బ్రతుకును వివరముగా వ్రాసెను. ఆ గ్రంథము 1943లో వెలువడెను. చెంచులకు తమ యడవిలో తిరుగు స్వేచ్ఛ యుండవలెనని ఆయన ప్రభుత్వమునకు సలహా యిచ్చెను. దాని ఫలితముగా 1942లో పీఠభూమిపై సుమారు 1,00,000 ఎకరములు చెంచులకై ప్రత్యేకింపబడెను. వేటకై కాపాడబడిన కొండపైననే అడవి మనుష్యులకును చోటు చూపబడుట చరిత్రలో గమనింపదగిన విషయము.

1948లో నిజాము పాలన ముగిసెను. వేటబంగళాకు ప్రభువులు వచ్చుట మానిరి. కాని వేట మానలేదు. రాజుల వేట పోయి, జీపుల వేట వచ్చెను. రాత్రివేళ జీపుపై దివ్వె వెలిగించి, వెలుగునకు కన్నులు చెదరి నిలిచిన మృగమును కాల్చుట దేశమంతట వ్యాపించెను. దీనికి మంచెయు అక్కరలేదు, ఓపికయు అక్కరలేదు. చర్మములు విదేశములకు ఎగుమతి యయ్యెను. 1970లో పులివేట దేశమంతట నిషేధింపబడెను. 1972లో లెక్కింపగా దేశమున 1,827 పులులు మాత్రమే యున్నవని తేలెను. ఆ సంవత్సరమే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1973లో పులుల సంరక్షణ పథకము ఆరంభమయ్యెను. 1978లో నాగార్జునసాగర శ్రీశైల ప్రాంతపు అడవి అభయారణ్యమయ్యెను. 1983లో అది పులుల సంరక్షణ కేంద్రమయ్యెను. 2014లో తెలంగాణ రాష్ట్రము ఏర్పడిన పిమ్మట కృష్ణకు ఉత్తరపు భాగము అమ్రాబాదు పులుల సంరక్షణ కేంద్రమను పేర వేరుపడెను. నడిమి భాగమును అంచు భాగమును కలిపి దాని వైశాల్యము 2,611 చదరపు కిలోమీటర్లు. దేశమంతట పులుల సంఖ్య 2022 నాటి అంచనాలో 3,682కు పెరిగెను.

పులి కాపాడబడవలెనని నిర్ణయమైనది. మంచిదే. అప్పుడు మరియొక ప్రశ్న లేచెను. అదే చెలమలో నీరు త్రాగు మనుష్యుని సంగతి యేమి? పులికి మనుష్యసంచారము లేని యడవి కావలెననియు, అందలి ప్రజలను వెలుపలికి తరలింపవలెననియు కొందరందురు. అడవిలోపలి పల్లెలు విడిచిపోవుటకు ఒప్పుకొను కుటుంబమునకు ప్రభుత్వము 15 లక్షల రూపాయలవరకు ఇచ్చు పద్ధతి గలదు. పాఠశాల, వైద్యశాల, విద్యుద్దీపము కోరి పోదలచువారు చెంచులలోను ఉన్నారు, వారిని తప్పుపట్టరాదు. పోనొల్లనివారును ఉన్నారు. 2006 నాటి అటవీహక్కుల చట్టము వారి పక్షమున నిలుచుచున్నది. ఈ ప్రశ్నను తేల్చుటకు ముందు, పూర్వము వేటస్థలమై పిదప శరణాలయమైన మరియొక చోట ఏమి జరిగినదో చూడవలెను. అది రాజస్థానములోని భరతపురము. సలీం అలీ మనసుపడిన చోటు.

భరతపురమున కొండలేదు. అదొక పల్లపు నేల. పదునెనిమిదవ శతాబ్దమున రాజు సూరజ్‌మల్లు అజాన్ కట్టను కట్టించెను. పందొమ్మిదవ శతాబ్దపు చివర ఆ పల్లమునకు కాలువలు, తూములు ఏర్పరచి నీరు నింపిరి. మోకాలిలోతు నీరు, రెల్లు, తుంగ, తుమ్మచెట్లు గల గొప్ప చిత్తడినేల ఏర్పడెను. శీతకాలమున హిమాలయములకు ఆవలినుండి వచ్చు బాతులు వేలకొలది అందులో దిగెను. రాజులు కోరినదియు అదే. 1902లో కర్జను ప్రభువే అచ్చట మొదటి గొప్ప బాతులవేటకు అతిథి. పులివేటకు ఓరుగల్లునకు వచ్చిన సంవత్సరమే బాతులవేటకు భరతపురమునకును పోయెనన్నమాట. 1938 నవంబరు 12వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు పరివారము ఒక్కదినమున 4,273 పక్షులను చంపెను. ఇట్టి లెక్కలన్నియు అచ్చటి కేవలదేవుని గుడి చెంత రాతిపలకలపై చెక్కబడియున్నవి. మనవారు రాతిపై దానములను చెక్కించిరి. భరతపురమున చంపిన పక్షులను చెక్కించిరి.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఆ పల్లములో నీటిని తీసివేసి పొలములు చేయవలెనని కోరికలు బయలుదేరెను. సలీం అలీ అడ్డుపడి ఆ చిత్తడినేల నిలుచుటకు మిక్కిలి పాటుపడెను. 1982లో అది జాతీయోద్యానమయ్యెను. 1985లో ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేరెను. ఇంతవరకు కథ సుఖముగనే యున్నది. కాని చుట్టుప్రక్కల పల్లెలవారు తరతరములుగా తమ యెనుములను ఆ నీటిలోనే మేపుకొనెడివారు. పశువుల మేత పక్షులకు హానికరమని తలచి 1982లో దానిని నిషేధించిరి. సలీం అలీయు అట్లే తలచెను. పల్లెవారు ఎదురుతిరిగిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. కొందరు ప్రాణములు కోల్పోయిరి. గోడ కట్టబడెను. ఎనుములు ఆగిపోయెను.

తరువాత జరిగినదానిని బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారి శాస్త్రజ్ఞులు ఏండ్ల తరబడి పరిశీలించిరి. ఎనుములు మేయుట మానగానే నీటిగడ్డి విపరీతముగా పెరిగెను. పక్షులు ఈదుటకు, మునుగుటకు, చేపలు పట్టుటకు తగిన తెరపి నీరు కప్పబడిపోయెను. ఎనుములు తినుచు, త్రొక్కుచు, నీటిని తెరచియుంచుచుండెనను సంగతి అప్పుడు తెలిసెను. పక్షులకు శత్రువులనుకొన్నవి వానికి దారి తీయుచున్న సేవకులు. ఆ సంఘమునకు చిరకాలము పెద్దదిక్కుగా నున్నవాడు సలీం అలీయే. తన సంఘమువారి పరిశీలన తన యభిప్రాయమునకు విరుద్ధముగా వచ్చుట శాస్త్రమునకు అవమానము కాదు, గౌరవము. కాని చచ్చినవారు తిరిగి రాలేదు. ఇతర కారణములచే సైబీరియా కొంగలును 2002 తరువాత అచ్చటికి వచ్చుట మానెను.

చెంచులు ఎనుములు కారు; కొండయడవి చిత్తడినేల కాదు. ఒకచోటి ఫలితమును మరియొకచోట అచ్చుగ్రుద్దినట్లు అన్వయింపరాదు. ఐనను, ఒక జీవి ఒకచోట తరతరములుగా నున్నప్పుడు అది అచ్చట ఏమి పని చేయుచున్నదో తెలిసికొనక ముందే తొలగించుట తొందరపాటని భరతపురము చెప్పుచున్నది. చెంచులు నల్లమలలో ఏమి పని చేయుచున్నారో మనకు కొంత తెలియును. నిప్పు రాజుకొన్నచో మొదట పొగను చూచువారు వారు. క్రొత్త మనిషి యడుగు బాటపై పడినచో గుర్తించువారు వారు. నాడు దొరలకు జాడ చూపిన విద్యయే నేడు సంరక్షణకు అక్కరకు వచ్చినది. అటవీశాఖవారు చెంచు యువకులను కాపలాదార్లుగా నియమించి అడవిలోని శిబిరములలో ఉంచుచున్నారు. పులులను లెక్కించుటకు బాటలవెంట దానంతటదియే చిత్రము తీయు కెమెరాలను చెట్లకు కట్టుదురు. కెమెరా గొప్ప యంత్రమే; కాని దానిని ఏ చెట్టునకు కట్టవలెనో యంత్రము చెప్పజాలదు.

2019లో చెంచులకును పులులకును ఒకే ఆపద సమీపించెను. అమ్రాబాదు అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియము నిక్షేపములను వెదకుటకై నేలలో బోర్లు వేయవలెనని కేంద్ర అణుశక్తి శాఖ తలపెట్టెను. దేశమునకు అణుశక్తి అవసరమేయని ఒక వాదము. పగుళ్లరాతిలో పైనుండి క్రిందివరకు రంధ్రములు చేసినచో ఊటలేమగునో, ఆ నీరు కృష్ణలో కలసినచో దిగువవారి గతి యేమగునో అని రెండవ వాదము. అడవి పల్లెలవారు, అమ్రాబాదు రైతులు, పట్టణములలోని విద్యార్థులు ఆందోళన చేసిరి. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియము త్రవ్వకములు వలదని ఏకగ్రీవముగా తీర్మానించెను. ఆనాడు పల్లెవారి మాటలలో మాటిమాటికి వినవచ్చినది బంగారము కాదు, భూమి ధర కాదు, నీరు.

మన్ననూరునుండి అటవీశాఖవారి వాహనములలో సందర్శకులు ఇప్పుడు ఫరహాబాదునకు పోవుచున్నారు. చాలమందికి పులి కనబడదు. వారు నిరాశతో మరలుదురు. పులి తమకు కనబడుటయే అడవికి ప్రయోజనమని తలచుట వేటబంగళా కట్టినవారి తలంపునకు ఎంతో దూరము కాదు. దుప్పుల గుంపు, చెట్టునుండి చెట్టునకు దుముకు బెట్టుడుత, బాటప్రక్క పురి విప్పిన నెమలి కనబడినచో ఆ దినము వ్యర్థము కాలేదనియే నా యభిప్రాయము. హైదరాబాదున పెంచి తెచ్చి ఈ యడవిలో విడిచిన మూషికజింకలు గూడ ఇచ్చట నున్నవి. అవి కుందేలంత జీవులు, సిగ్గరులు. వానిని చూచితినని చెప్పువారిని నేనింకను చూడలేదు.

ఎండలు ముదురగానే అటవీశాఖవారికి పని పెరుగును. అడవిలో పళ్లెములవలె పల్లముగా సిమెంటు తొట్లు కట్టి, వానికి సాసరు పిట్లని పేరు పెట్టిరి. ట్యాంకరులతో నీరు తెచ్చి వానిని నింపుదురు. కొన్నిచోట్ల సూర్యరశ్మితో నడచు పంపులు నేలలోని నీటిని తోడిపోయును. బండి పోజాలని లోయలలో మాత్రము పాత పద్ధతియే. కాపలాదార్లు గునపము, పార తీసికొని ఎండిన వాగులోనికి దిగుదురు. ఇసుక ఎక్కడ కొంచెము నల్లబడియున్నదో, ఏ నేరేడుచెట్టు ఆకు వాడక నిలిచినదో చూచి, అచ్చట త్రవ్వుదురు. మోకాలిలోతు త్రవ్వుసరికి తడి తగులును. మరికొంత త్రవ్వి, అంచులు కూలకుండ రాళ్లు పేర్చి, వెడలిపోవుదురు. రాత్రి గుంటలో నీరు ఊరును. మరునాటి ఉదయము వచ్చి, నీటి వైపు చూడకముందే, అంచున తడియిసుకపై ఎవరి అడుగులు పడినవో వంగి చూతురు.